గాజుపేటికా భంగము

సూర్యుడు నడినెత్తి దిగి పడమటి కిటికీ పరదా అంచును జరీపోగువలె మెరయించుచుండగా, సీలింగు పంకా తన మూడు రెక్కలతో ముల్లోకముల చెమటను ఆర్పుటకై నిర్విరామముగా భ్రమించుచుండగా, కడిగి బోర్లించిన గిన్నెల నుండి కడపటి నీటిబొట్టు జారి గృహమంతయు భోజనానంతర నిశ్శబ్దమున మునిగిపోగా, ఏ వేళ నియమనిష్ఠాగరిష్ఠులైన విశ్రాంత ఉద్యోగులు సైతము వార్తాపత్రికను ముఖముపై కప్పుకొని ఒక కునుకు తీయుదురో, అట్టి అపరాహ్ణమున, రెండవ అంతస్తునందలి ఒక ముందుగదిలో, టెలివిజను ఎదుట మహాసంగ్రామ మొకటి ఆరంభము కాబోవుచుండెను. కరెంటు పోకుండుగాక. వినువారికి ఆవులింత రాకుండుగాక.

ఈ గాథకు నాయకుడు ఆ ఇంటి యజమాని. వీథిలోని వారందరును ఆయనను మ్యూజియం పెద్దాయన యందురు. ఉద్యోగకాలమున ఆయన ఒక ప్రదర్శనశాలకు సంరక్షకుడై, పగిలిన కుండపెంకును సైతము పసిబిడ్డవలె రెండు చేతుల ఎత్తుకొని, గాజుపెట్టెపై ఆనిన సందర్శకుని మోచేతిని హాలు ఆ కొసనుండియే ఒక్క దగ్గుతో తొలగించి, "ముట్టుకొనరాదు" అను ఆజ్ఞను గోడకంటె ముందు తన గుండెకు తగిలించుకొనిన మహానుభావుడు. తెల్లని నూలు చేతొడుగులు లేక ఆయన ఏ వస్తువును తాకి యెరుగడు. పదవీవిరమణానంతరము ఆ నియమములన్నియు ఆయన వెంట ఇంటికి వచ్చెను. గోడగడియారము క్రింద దాని పుట్టుపూర్వోత్తరములు తెలుపు చీటీ వెలసెను. పప్పుల డబ్బాలు ఎత్తుల వరుసను నిలిచెను.

ఆ నియమములకు బలియైనవి ఇల్లాలి కప్పులు. గులాబీపూలు చిత్రించిన ఆ పింగాణీ కప్పులు ఆమె పుట్టింటివారు ఇచ్చినవి. భోజనాల గదిలోని అద్దాల బీరువాలో, తాళపుచెవి పోయిన నాటినుండి బందీలై యున్నవి. తాళములు బాగుచేయువాడు వచ్చి చూచి, ఈ పాత రకానికి చెవి దొరకదు, అద్దం పగలగొట్టాల్సిందేనని చెప్పి పోయెను. ఆమె ఆ మాట ఎత్తినప్పుడెల్ల పెద్దాయన కన్నులు మూసికొని, గాజు పగిలిన చోట నాగరికత పగులునని సెలవిచ్చును. ఆమె కప్పులవంక ఒకమారును ఆయనవంక ఒకమారును చూచి, స్టీలు గ్లాసులలో టీ పోయును.

అట్టి మహనీయునకు వీడియో గేముతో ఏమి పని యందురా? స్నానాల గదిలో కాలుజారి ఆయన కుడి మణికట్టు విరుగుటయు, కట్టు విప్పిన పిమ్మట ఫిజియోథెరపిస్టు వ్రేళ్లు ఆడవలెనని రబ్బరు బంతి నొసగుటయు, బంతిని పిసుకుట తన అంతస్తునకు తగదని ఆయన దానిని బల్లపై ప్రదర్శనకు పెట్టుటయు వరుసగా జరిగెను. అంతట పంటి డాక్టరైన కూతురు తన కాలేజీనాటి గేము యంత్రమును తెచ్చి టీవీకి తగిలించి, నాన్నా, ఊరికే మీటలు నొక్కుతూ ఉండండి, చేతికి వ్యాయామమని చెప్పి తన ఊరికి పోయెను.

ఆ ఆటకు నానాలోక మల్లరంగమని పేరు. వేరువేరు ఆటలలో వేరువేరు లోకముల నేలుకొనుచున్న వీరులందరును ఇల్లు విడిచి వచ్చి, ఇందొక్క బరిలో నిష్కారణముగా తన్నుకొందురు. కారుపందెముల ఆటనుండి వచ్చిన కప్ప ఒకటి. వ్యవసాయపు ఆటనుండి తప్పించుకొని వచ్చిన, నిప్పులు గ్రక్కు గుమ్మడికాయ ఒకటి. అంతరిక్షపు ఆటనుండి దిగిన, అచ్చముగా ఫ్రిజ్జును పోలిన యంత్రపురుషుడొకడు. పెద్దాయన మాత్రము ఉక్కుకవచము తొడిగిన కొంగను ఎన్నుకొనెను. ఏలయన, ఆ గుంపులో గంతులు వేయక ఒంటికాలిపై మర్యాదగా నిలువ నేర్చినది అదొక్కటియే.

పోరు ఆయనకు రుచింపలేదు. కాని ఒకనాడు బొటనవ్రేలు పొరపాటున మరొక మీటపై పడగా, తెరపై తలుపు తెరచినట్లై, పొడవాటి అరల గది యొకటి ప్రత్యక్షమయ్యెను. ఆ అరలలో చిన్న చిన్న పీఠములపై ట్రోఫీలు: వీరుల బొమ్మలు, వారి పాదరక్షలు, కప్పగారి స్టీరింగు, గుమ్మడి గింజల పొట్లము. ప్రతి ట్రోఫీ క్రింద వివరణపు చీటీ. గెలిచిన కొలది ఒక్కొక్క పీఠము నిండును. పెద్దాయన లేచి నిలబడెను. పదవీవిరమణ తనయెడ రద్దయినట్లు ఆయనకు తోచెను. నాటినుండి ఇల్లాలు కూర మాడ్చినను, పాలవాడు పిలిచినను పట్టించుకొనక, ఆయన ఆ అరలను నింపుచు వచ్చి, ప్రతి చీటీని చేతులు వెనుకకు కట్టుకొని నిలబడి, ఆసాంతము చదువుచుండెను. తుదకు అడుగు వరుస కుడికొసన ఒక్క పీఠము ఖాళీగా మిగిలెను.

ఆ ఖాళీ ఆయనకు క్రొత్తది కాదు. ఆయన మ్యూజియములోను ఒక పెట్టె అట్లే ఉండెడిది. రావలసిన వస్తువు పై కార్యాలయమునుండి రాలేదు. ఆయన కొలువు ముగియువరకును రాలేదు. ఐనను ఆయన ప్రతి ఉదయము ఆ పెట్టె అద్దమును తుడిపించి, తాళము సరిచూచెడివాడు. వీడ్కోలు సభలో ఆయన బావమరిది మైకు పుచ్చుకొని, మా బావ ఖాళీ పెట్టెకు కూడా కాపలా కాసిన మనిషి అని చమత్కరింపగా సభ యంతయు గొల్లుమనెను. పెద్దాయనయు నవ్వెను. ఆ నవ్వు ఆయన దవడలో నేటికిని ఇరుకుకొనియే యున్నది.

ఆ బావమరిది, అనగా ఇల్లాలి తమ్ముడు, విశ్రాంత డ్రిల్లు మాస్టారు. కంఠము గంట, నడక కవాతు, తాళపుచెవుల గుత్తికి నేటికిని ఒక విజిలు. ఆయన ప్రతి మధ్యాహ్నము తప్పక విచ్చేసి, కిటికీ పక్కనున్న పేము పడకకుర్చీలో కాళ్లు చాచును. అది ఇంట నున్న ఒకే ఒక సుఖాసనము. తత్ఫలితముగా గృహయజమాని, బల్బులు మార్చుటకై వాడు ముక్కాలిపీటపై, తన ఇంటిలో తానే విచారణకు పిలువబడినవాని చందమున కూర్చుండవలసి వచ్చెడిది.

ఆనాడు డ్రిల్లు మాస్టారు పడకకుర్చీలో వెనుకకు వాలి తెరపై ఖాళీ పీఠమును చూచెను. చూచి చిరునవ్వు నవ్వెను.

"ఏం బావా, ఇక్కడ కూడా ఒకటి ఖాళీయేనా? మా ఇంట్లో ఆటల్లో గెలిచిన కప్పులున్నాయి, పెట్టడానికి చోటు లేదు. మీ ఇంట్లో చోటుంది, పెట్టడానికి కప్పు లేదు."

ఆ వాగ్బాణము పెద్దాయన కళ్లజోడును దాటి కనుబొమలమధ్య నాటెను. ఆయన ముక్కాలిపీటనుండి లేచి, పంచె సవరించుకొని, తొడుగు తొడిగిన కుడిచేతిని చాచి గంభీరముగా నిట్లు పలికెను.

"ఓ శ్యాలకోత్తమా, ఆలకింపుము. నేటి టీ ఈ గడప దాటి వచ్చులోపల ఆ కడపటి పీఠమును నింపెదను. నింపితినా, నీవు ఒరగియున్న ఆ పడకకుర్చీ నేటినుండి నాది. నింపనైతినా, బ్రతికినన్నాళ్లు ఈ ముక్కాలిపీటయే నాకు సింహాసనము. తలుపు గొళ్లెము సాక్షి."

"గొళ్లెం ఎందుకు, నేనున్నాగా" అని ఇల్లాలు వంటింటి గుమ్మమునుండి పలికెను. "టీ పెట్టేది కూడా నేనే."

డ్రిల్లు మాస్టారు విజిలు ఊదెను. పందెము స్థిరపడెను.

ఆ కడపటి ట్రోఫీ దొరకు మార్గమును శ్రోతలు ఎరుంగవలెను. తక్కినవి గెలిచినవానికి ఆట తానై ఇచ్చును; ఇది మాత్రము పోరు మధ్యలో ఆకాశమునుండి ఒక గాజుపెట్టెలో దిగును. ఎవడు పెట్టెను పగులగొట్టునో ట్రోఫీ వానిది. ఎవ్వరును పగులగొట్టనిచో అది కొంతసేపు నిలిచి మాయమగును. పగలగొట్టుమని తెర పైభాగమున పెద్ద అక్షరములు మెరసి మెరసి చెప్పుచుండెను. పెద్దాయన ఇంగ్లీషు చదువు చదివినవాడు, ఆ అక్షరములను స్పష్టముగా చదివినవాడు. కాని ప్రదర్శనశాల గోడలపై ఆకతాయిలు గీకు వ్రాతలనుగూర్చి ఆయనకు దీర్ఘానుభవ ముండుటచే, ఇదియు అట్టి దుష్ప్రేరణయే యని నిశ్చయించి, పెట్టెను పోరు ముగియువరకు అక్షతముగా కాపాడినవానికే వస్తువు విధివిధానముగా అప్పగింపబడునని దృఢముగా నమ్మెను.

పోరు మొదలయ్యెను. కప్ప ఎగిరెను, గుమ్మడికాయ నిప్పు గ్రక్కెను, ఫ్రిజ్జు తన తలుపు తెరచి మంచుగడ్డలు విసరెను. ఆ సంకులసమరమున నడిమి ఆకాశమునుండి గాజుపెట్టె తళతళలాడుచు దిగి బరిమధ్యమున నిలిచెను. అంతట మన కొంగ ఏమి చేసెను? శత్రువులను విడిచి, పరుగున పోయి, పెట్టె ముందు రెక్కలు బారచాచి అడ్డముగా నిలిచెను. కప్ప తన్నెను, కొంగ కదలలేదు. గుమ్మడికాయ కాల్చెను, కొంగ కవచము ఎర్రబడెను, కాని పెట్టెపై పొగచూరనైన లేదు. మంచుగడ్డ లన్నియు కొంగ వీపునే తగిలెను. తుదకు పెట్టె, ఒక్క గీతయు పడక, మచ్చలేని కన్యవలె మెల్లగా మాయమయ్యెను. మరుక్షణమే కప్ప తన్నిన తన్నుకు కొంగ ఓడి బరినుండి ఎగిరిపోయి అంతరిక్షమున చుక్కయయ్యెను.

"మంచి కాపలా బావా" అనెను డ్రిల్లు మాస్టారు. "నా సర్వీసులో గోలు కొట్టలేని వాళ్లని చూశాను. గోలుపోస్టుకి ఎండ తగలకుండా గొడుగు పట్టినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా."

పెద్దాయన కళ్లజోడు సవరించుకొనెను. మరల బరిలోనికి దిగెను. మరల పెట్టె వచ్చెను. మరల రెక్కలు విచ్చుకొనెను. మరల కొంగ చుక్కయయ్యెను. మూడవ పోరున ఆయన, కప్ప వెనుకకు నడిచి వచ్చి అద్దమునకు వీపు ఆనించుట చూచి, తనకు తెలియకయే గట్టిగా దగ్గెను. కప్ప ఆ దగ్గును ఖాతరు చేయలేదు. వంటింటినుండి స్టవ్ వెలిగిన చప్పుడు వినబడెను. టీనీళ్లు పొయ్యి నెక్కెను.

కాలమనునది పండితులు చెప్పునట్లు అనాదియు అనంతమును కావచ్చును. ఆ మధ్యాహ్నము మాత్రము అది ఇల్లాలి బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ, స్టవ్ మీటయందు ఇమిడి యుండెను. ఆమె మంటను పెంచినచో భర్త జీవితాంతము ముక్కాలిపీట పాలగును. తగ్గించినచో తమ్ముని కుర్చీ పోవును. ఆమె సన్నమంట పెట్టెను. పెట్టి, గుమ్మమునకు వచ్చి, చీరకొంగున చేయి తుడుచుకొనుచు తెరవంక చూచెను. అప్పటికి కొంగ నాలుగవమారు పెట్టెను కౌగిలించుకొని దెబ్బలు తినుచుండెను.

"పగలగొట్టండి అని పైన రాసి ఉందిగా" అని ఆమె నెమ్మదిగా అనెను.

ఆ మాట విని పెద్దాయన చేతులు వణకెను. నోరెండెను. మీటల పెట్టె ఒడిలోనికి జారెను. ఆయన భార్యవంక తిరిగి దీనగంభీరస్వరమున నిట్లనెను.

"ఇల్లాలా, ఏమని పలికితివి? ఏ గాజుపై ఈగ వ్రాలిన నేను నిద్రపోనైతినో, ఏ గాజును తుడిచి తుడిచి నా యౌవనము అరిగిపోయెనో, ఆ గాజును నా చేత నేను భేదింతునా? ముక్కాలిపీటయే మేలు. బల్బుల క్రిందనే బ్రతికెదను."

డ్రిల్లు మాస్టారు ఆనందాతిశయమున పడకకుర్చీలో మరింత దిగబడెను. ఇల్లాలు మాత్రము నవ్వలేదు. వచ్చి ఆయన పక్కన నిలిచెను.

"ఏమండీ, గాజు ఎందుకు పెడతారు? లోపలున్నది పాడవకుండా నలుగురూ చూడాలనేగా. ఎవరికీ అందకుండా పోవాలని కాదుగా. మీరు కాపలా కాసినంతసేపూ కాశారు, ప్రతిసారీ అది మాయమవుతూనే ఉంది. దానికోసం అక్కడ ఒక చోటు ఖాళీగా ఎదురుచూస్తోంది. తీసుకెళ్లి అక్కడ పెట్టండి. పెట్టడం కూడా మీ పనే."

"గాజు పగిలిన పిమ్మట ఆ వస్తువునకు రక్షకు డెవ్వడు?"

"ఇంకెవరు, మీరే. నాకు తెలిసి మీకంటే మొండివాళ్లు ఆ ఆటలో లేరు."

పెద్దాయన తొడుగు తొడిగిన తన చేతిని చూచుకొనెను. ఆ చూపున ఒక జీవితకాలపు నియమావళి పుట పుటయు కదలెను. పిదప ఆయన అంతవరకు ఎన్నడును చేయని కార్యమొకటి చేసెను. వీరులు రణమునకు పోవునప్పుడు తొడుగులు తొడుగుదురు. ఈ వీరుడు కుడిచేతి తొడుగును, వ్రేలు వ్రేలుగా లాగి, విప్పి, మడిచి, జేబులో పెట్టుకొనెను. ఉతికి ఉతికి పలుచబడిన ఆ నూలుగుడ్డ క్రింద ఇన్నాళ్లు మీటలపై జారుచుండిన బొటనవ్రేలు, ఇప్పుడు వట్టిగా, ముడుతలతో, కట్టు విప్పిన చేతికి సహజమైన పాలిపోయిన వన్నెతో వెలుగుచూచెను.

"ఒరేయ్ తమ్ముడూ, బావని మాట్లాడించకు" అని ఇల్లాలు ఆజ్ఞాపించి, వంటింటివైపు రెండడుగులు వేసి, ఏదో జ్ఞాపకము వచ్చినదానివలె ఆగెను. "అయితే ఏమండీ, లోపలి వస్తువు కావాలంటే అద్దం పగలగొట్టొచ్చన్నమాట. ఈ ఇంట్లో ఎవరైనా సరే. అంతేగా?"

ఐదవ పోరు అప్పుడే ఆరంభమైనది. కప్ప మీదికి దూకుచున్నది. పెద్దాయన చూపు తెరపై, మనస్సు బొటనవ్రేలిపై. వరమడిగిన వారెవ్వరో, అడిగిన వరమేదో చూడక ఆయన, "అస్తు" అనెను.

ఇల్లాలు లోపలికి పోయెను.

ఆహా, ఆ ఐదవ పోరును ఏమని వర్ణింతును. గుమ్మడికాయ చిమ్మిన మంటలను మన కొంగ ఒంటికాలిపై వంగి తప్పించుకొనెను. ఫ్రిజ్జు విసరిన మంచుగడ్డను ముక్కుతో తిరుగగొట్టగా అది కప్ప నెత్తిన పడి కప్ప కళ్లు తేలవేసెను. డ్రిల్లు మాస్టారు వాలియున్న వీపును నిటారుగా చేసెను. అప్పుడు దిగెను గాజుపెట్టె, అపరాహ్ణపు టెండలో ఎదుటింటి కిటికీవలె మెరయుచు. కొంగ పరుగెత్తెను. అలవాటున రెక్కలు సగము విచ్చుకొనెను. పెట్టె ముందు ఆగెను. వంటింటిలో టీ పొంగుచున్న చప్పుడు, సుయ్యిమని, స్పష్టముగా వినవచ్చెను. తెరపై గుమ్మడికాయ పెట్టెమీదికి గురిచూచుచుండెను. ఒక్క ఊపిరి ఆలసించినచో ఆ కడపటి ట్రోఫీ కూరగాయ పాలగును.

పెద్దాయన కన్నులు మూసికొనెను. "క్షమింపుము" అని ఎవరినో, బహుశః తన చేత తుడువబడిన గాజులన్నిటిని, వేడుకొనెను. వేడుకొని, వట్టి బొటనవ్రేలితో మీటను నొక్కెను.

కొంగ ముక్కు వజ్రాయుధమై దిగెను. గాజు వేయి తునకలై, ఒక్కొక్క తునకయందు ఒక్కొక్క చిన్న సూర్యుడు మెరయగా, బరియంతట వెదజల్లబడెను. నడుమ నిలిచిన ట్రోఫీని కొంగ రెక్కలతో ఎత్తుకొనెను.

డ్రిల్లు మాస్టారు నిజాయితీగల ఆటగాడు. ఓడినది తానైనను విజిలు తీసి దీర్ఘముగా ఊదెను. ఊది, మోకాళ్లపై చేతులూని, ఎన్నో ఏండ్ల తన రాజ్యమగు పడకకుర్చీనుండి లేచి నిలబడెను.

"కొట్టావు బావా" అనెను. తాళపుచెవుల గుత్తిని జేబులో వేసికొని, "ఆ రోజు మైకులో అన్న మాట ఇంక అనను" అనెను.

పెద్దాయన వినుచుండెనో లేదో. ఆయన అప్పటికే అరల గది తెరచి, అడుగు వరుస కుడికొసకు పోయి, చేతులు వెనుకకు కట్టుకొని నిలబడియుండెను. పీఠము నిండినది. ఖాళీ లేదు. ఎక్కడను లేదు. ఆయన గొంతు సవరించుకొని, ఆ ట్రోఫీ క్రింది చీటీని బావమరిది వినునట్లు తెనిగించి చదివెను.

"ముక్కాలిపీట. మల్లరంగము మూలన ఉండును. దీనిపై ఇంతవరకు ఎవ్వరును కూర్చుండగా చూచినవారు లేరు."

 డ్రిల్లు మాస్టారు తెరపైని పీటను చూచెను, నేలపైని పీటను చూచెను, పెదవి కొరికి కిటికీవైపు తిరిగెను. ఆయన భుజములు మాత్రము కదలుచుండెను. పెద్దాయన గంభీరముగా చీటీని మరల మొదటినుండి చదువ నారంభించెను. ఆయనకు ప్రతి చీటీని రెండుమారులు చదువుట నియమము.

రెండవ వాక్యము నడుమ భోజనాల గదినుండి ఘల్లుమని శబ్దమయ్యెను.

"అక్కా, ఏంటది?"

"ఆటలోదే" అని బదులు వచ్చెను.

పెద్దాయన తెరవంక చూచెను. తెరపై ఏ గాజును పగులుటలేదు. ఆయన ముఖమున తెలివి మెల్లమెల్లగా వ్యాపించుచుండగా, ఇల్లాలు పళ్లెముతో గడప దాటి వచ్చెను. పళ్లెమున మూడు కప్పులు. తెల్లని పింగాణీపై గులాబీలు, కడుగగా తడితడిగా, చెరనుండి విడుదలైన రాకుమార్తెలవలె సిగ్గుపడుచుండెను. చంకలో అప్పడాల కర్ర.

"నువ్వు..." అని పెద్దాయన ఆరంభించెను.

"అస్తు అన్నారుగా" అనెను ఇల్లాలు. "అటువైపు చెప్పుల్లేకుండా వెళ్లకండి. ఇంకా ఊడ్వలేదు."

అని, తమ్మునకు ఒక కప్పును భర్తకు ఒక కప్పును ఇచ్చి, మూడవది తాను తీసికొని, గదిలో ఖాళీగా నున్న సుఖాసనము ఒక్కటే కనబడుటచే, కిటికీ పక్కనున్న పడకకుర్చీలో సుఖముగా ఒరిగి, కాళ్లు చాచి, గులాబీల అంచును పెదవుల కానించి, ఇన్నాళ్లకు మొదటి గుక్క త్రాగెను. ఆ ముఖమును చూచిన పిమ్మట, పందెపు షరతులను జ్ఞప్తికి తేగల మగధీరుడు ఆ ఇంట లేకపోయెను. డ్రిల్లు మాస్టారు గోడకానుకొని నేలపై చతికిలబడెను.

పెద్దాయన కప్పును తొడుగున్న ఎడమచేతనే పట్టుకొని, జేబులోని తొడుగును సగమువరకు బయటకు తీసెను. ఆ కప్పుపైని గులాబీని చూచెను. భార్యను చూచెను. తొడుగును తిరిగి జేబులోనికి త్రోసి, వట్టి కుడిచేతితో కప్పును పట్టుకొనెను. అది వెచ్చగా నుండెను.

ఇవ్విధమున, నానాలోక వీరులను జయించి, ఆజన్మనియమమును భేదించి, కడపటి పీఠమున ముక్కాలిపీటను ప్రతిష్ఠించిన ఆ మ్యూజియం పెద్దాయన, సర్వలోకములును వీక్షించుచుండగా, ఎప్పటి ముక్కాలిపీటపైననే ఆసీనుడై, జీవితమున ఎన్నడును ఎరుగని ఠీవితో టీ త్రాగెను. జయము, జయము.